పంపే కీకి గంధం బొట్టు

ఇవాళ ఆయుధపూజ. పూజలో పెట్టిన వస్తువును రేపు ఉదయం హారతి ఇచ్చేదాకా ముట్టకూడదని మా ఇంట్లో కట్టడి. ఇంటాయన బండి, వంటింటి గ్రైండరు, కత్తిపీట, నా లాప్‌టాపు అన్నీ గంధం, కుంకుమ పెట్టించుకుని బుద్ధిగా కూర్చున్నాయి. పుస్తకాలూ కలాలూ కూడా వాటి పక్కనే ఉన్నాయి గనుక, పాప రంగుల డబ్బాలోంచి ఒక ఊదా పెన్సిలు దొంగిలించి ఇది రాస్తున్నాను. చదువుల తల్లి ఊదా పెన్సిలును లెక్కలోకి తీసుకోదని నా ధైర్యం. సాయంత్రం నేను పళ్ళెంలో పొరీ బొరుగులూ, వేయించిన శనగలూ సర్దుతుంటే, పాప గంధం గిన్నెలో వేలు ముంచి, నా లాప్‌టాపు తెరిచి, ఎంటర్ కీ మీద గుండ్రంగా ఒక బొట్టు పెట్టింది. నీళ్ళు లోపలికి దిగుతాయని నేను దాన్ని బోర్లించి, ఊది, పైట చెంగుతో ఒత్తి నానా హడావిడీ చేశాను. నాకు భయపడటం అలవాటు. బిడ్డ తుమ్మితే జ్వరమనీ, తుమ్మకపోతే జలుబు ఛాతీలో దిగిందనీ అనుకునే రకం. ఒక్క ఆఫీసు పని దగ్గరే ఆ భయం ఉండదు. మళ్ళీ తిప్పిపెట్టాక ఎంటర్ కీ మీద మిగిలిన ఆ పసుపు మరక చూస్తే మా మేనత్త జ్ఞాపకం వచ్చింది.

ఆమె మా నైనకు అక్క. పొల్లాచ్చి దగ్గర కొబ్బరితోటల ఊళ్ళో పుట్టి, కోయంబత్తూరుకు కోడలుగా వచ్చి, పీళమేడు వైపు ఒక నూలు మిల్లులో డిస్పాచ్ సెక్షన్‌లో చేరింది. మిల్లు మొత్తానికి ఒకటే కంప్యూటరు, ఏసీ గదిలో. దాన్ని అందరూ ‘పెద్దది’ అనేవారు. అత్త బల్ల మీద ఉండేది ఒక తెరా, ఒక కీబోర్డూ, అంతే. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. ఇక్కడ కొట్టింది అక్కడ పెద్దదానికి చేరితే, అది లెక్క చూసి బిల్లు వేస్తుంది, బిల్లు చేతికొస్తే లారీ కదులుతుంది. ఆమెకు ఇంట్లో తెలుగు, మిల్లులో తమిళం, తెర మీద ఇంగ్లీషు. తెలుగు చదవడం మాత్రం రాదు. నాకూ పెళ్ళయ్యాక పట్టుబట్టి నేర్చుకుంటేనే వచ్చింది, అందుకే నా అక్షరాలు ఇప్పటికీ కొంచెం వంకర. అత్తకు ఒక అలవాటు ఉండేది. బిల్లు వివరాలన్నీ కొట్టాక వెంటనే పంపేది కాదు. చేతులు పైకెత్తి, తెరను పైనుంచి కిందికి పెదవులు కదుపుతూ ఒకసారి చదివి, చారు దించే ముందు ఉప్పు చూసినట్టు తల ఊపి, అప్పుడు నొక్కేది.

కొన్నాళ్ళకు ఆ పాత తెరలు ఒక్కొక్కటే ఆరిపోసాగాయి. బాగుచేసేవాళ్ళు లేరు, కొత్తవి దొరకవు. పెద్దదాన్ని వదులుకోవడం మిల్లుకు ఇష్టం లేదు. అందుకని బల్లల మీద మామూలు కంప్యూటర్లు పెట్టి, వాటికి పాత తెర వేషం కట్టే సాఫ్ట్‌వేరు వేశారు. టెర్మినల్ ఎమ్యులేటర్ అంటారు దాన్ని. వేషం బాగా కుదిరితే పెద్దది వాటిని తన పాత తెరలే అనుకుని మాట్లాడుతుంది. అందరికంటే చివర ఆరింది అత్త తెర. చిన్నవాళ్ళంతా కొత్తవాటికి అలవాటుపడ్డారు గానీ, అత్త కొడితే దాదాపు ప్రతి బిల్లూ సగంలో ఆగేది. తెర అడుగున ఇంటూ గుర్తు వచ్చి, ఇక ఏ కీ నొక్కినా పలికేది కాదు. బయట లారీలు నిలబడేవి. ఈ వారంలో చెయ్యి తిరగకపోతే క్యాంటీను టోకెన్ల కౌంటరుకు మారిపొమ్మని, అక్కడైతే విశ్రాంతిగా ఉంటుందని మేనేజరు చాలా మర్యాదగా చెప్పాడట. ఆ మర్యాదకే అత్త రెండు రోజులు సరిగా తినలేదని నైన వచ్చి చెప్పాడు. నేను అప్పుడే కాన్పు సెలవు ముగించి పనిలో చేరాను. ఇలాంటి పాత కంప్యూటర్లకు కొత్తవాటిని కలిపే కంపెనీ మాది. ఆ మిల్లు పని నాకే ఇమ్మని అడిగి తీసుకుని, చంటిదాన్ని అమ్మ ఒడిలో పెట్టి, వెళ్ళాను.

ఎమ్యులేటర్ సెట్టింగులు తెరిచి చూస్తే, ఎవరో తొందరలో ఉన్నవి ఉన్నట్టు వదిలేసి పోయారని తెలిసిపోయింది. తెర వెడల్పు ఇరుకుగా ఉండి కుడివైపు నింపాల్సిన గడులు కనబడటం లేదు. వెడల్పు తెరకు మార్చాను. పెద్దది ప్రతి తెరనూ దాని పేరుతో గుర్తుపడుతుంది, ఏ ప్రింటరు ఏ తెరదో ఆ పేరును బట్టే చూస్తుంది. అత్త కంప్యూటరుకు పేరే పెట్టలేదు. అందుకే ఎప్పుడైనా ఒక బిల్లు పూర్తయినా స్టోర్సు గదిలో ఎక్కడో అచ్చయి పడి ఉండేది. పాత తెర పేరునే దీనికి పెట్టాను. అమ్మకు ఫోను చేసి పాప పడుకుందా అని అడగడం, వచ్చి ఇంకో సెట్టింగు మార్చడం, ఇలా సాగింది. అమ్మను అడిగిందే మళ్ళీ అడిగాను గానీ, సెట్టింగు ఏదీ రెండోసారి చూసుకోలేదు.

తరువాత అత్తను కూర్చోబెట్టి కొట్టమన్నాను. నేను తెర చూడలేదు, ఆమె చేతులు చూశాను. సరుకు కొనే పార్టీ పేరు కొట్టి, చిటికెన వేలితో పెద్ద ఎంటర్ కీ నొక్కింది. ఇంటూ గుర్తు వచ్చేసింది. వేడి పెనం తగిలినట్టు చెయ్యి లాక్కుంది.

“చూస్తివా అమ్మిణీ, చేతులు ముసలివైపోయినాయి” అంది.

బల్ల కింద ఆమె పాత కీబోర్డు ఉంది. ఆయుధపూజ అయ్యేదాకా పాత సామానుకు వెయ్యనని పట్టుబట్టి దాచుకుంది. బయటికి తీసి చూస్తే, స్పేస్ బార్‌కు కుడిపక్కన, కింది వరసలో ఒకే ఒక కీ పసుపెక్కి ఉంది. ఏటేటా గంధం పెట్టిపెట్టి దాని మీది అక్షరాలు కూడా పోయాయి. ఇన్ని కీలుంటే దీనికొక్కదానికే ఎందుకు బొట్టు అని అడిగాను.

“అదే కదా పంపేది? తక్కినవన్నీ సుమ్మా, ఊరికే రాస్తాయి.”

అంతే, సంగతి తేటపడిపోయింది. పాత కీబోర్డులో పెద్ద కీ పని ఒక గడి ముగించి పక్క గడికి పోవడమే. పంపేది ఈ గంధం కీ. కొత్తదానిలో ఆ పెద్ద కీయే పంపేస్తుంది. అత్త ఒక గడి నింపి పక్క గడికి పోదామని నొక్కితే, సగం బిల్లు పెద్దదాని దగ్గరికి పరుగెత్తేది, అది కోపగించి తాళం వేసేది. చిన్నవాళ్ళు కొత్త కీబోర్డుల మీదే టైపింగు నేర్చినవాళ్ళు గనుక వాళ్ళకు ఈ గొడవే లేదు.

“చేతులది తప్పు లేదత్తా. ఈ కీబోర్డుకే మీ చేతులు తెలీవు. నేర్పిస్తాను ఉండండి” అన్నాను.

ఎమ్యులేటర్‌లో ఏ కీ ఏం చెయ్యాలో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. పెద్ద కీకి గడి ముగించే పని, కుడి కంట్రోల్ కీకి పంపే పని అప్పగించి, సేవ్ చేశాను. కంపెనీలో ఎవరినీ అడగలేదు, అడగాలని అనిపించలేదు కూడా.

మేనేజరు వచ్చి వెనుక నిలబడ్డాడు. మదురై పోవలసిన లారీ బయట హారను కొడుతోంది. అత్త గడి వెంట గడి నింపుకుంటూ పోయింది, ఎక్కడా ఆగలేదు. చివర చేతులు పైకెత్తి, పెదవులు కదుపుతూ పైనుంచి కిందికి చదివింది. ఆ కాసేపు హారను కూడా నాకు వినబడలేదు. కుడి కంట్రోల్ నొక్కింది. వెనకాల ప్రింటరు కరకరమంటూ కదిలింది. ఇన్నాళ్ళూ ఏమిటి లోపం అని మేనేజరు నన్ను అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్త తమిళంలో, ఏమీ లేదు సార్, నేను ముగించకముందే ఇది పంపేస్తూ వచ్చింది, మీ మాదిరే కొంచెం తొందర, అంది. ఆయన నవ్వేశాడు. క్యాంటీను మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అత్త నా వైపు తిరిగి, తెలుగులో మెల్లగా, “పాలిచ్చే వేళైంది కదమ్మా, పో” అంది. పొద్దున్నుంచీ నేను ఫోను చూసుకోవడం ఆమె చూస్తూనే ఉందన్నమాట.

ఆ ఏడు పూజకు కొత్త కీబోర్డులో కుడి కంట్రోల్‌కు గంధం పెట్టింది. రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే ఉంది. ఆ తరువాత మిల్లువాళ్ళు పెద్దదాన్ని కూడా ఆపేశారు. ఇందాక ఫోను చేసి పాప ఘనకార్యం చెబితే, ఏ కీకి పెట్టిందని అడిగింది. పెద్ద ఎంటర్ కీకే అన్నాను. “సరిగ్గానే పెట్టింది. ఇప్పుడు పంపేది అదే కదా” అని నవ్వింది.

రేపు విజయదశమి. ఇక్కడ పిల్లలను బడిలో వేసే రోజు, పాపనూ రేపే చేరుస్తున్నాం. సంచీలో నీళ్ళ సీసా, చేతిరుమాలు, మార్చుకునే గౌను, అన్నీ పెట్టాను. పైనుంచి కిందికి చూసుకుంటాను, ఏదో మరిచినట్టనిపించి మళ్ళీ పైనుంచి మొదలుపెడతాను. అత్తకు ఒక్కసారి చదివితే చాలేది. నేను ఎన్నిసార్లు చదువుకున్నా చెయ్యి దించలేకపోతున్నాను. అయినా కాలానికి గడులన్నీ నిండాయా లేదా అన్న పట్టింపు లేదు, తెల్లారగానే తనే పాపను తీసుకుపోతుంది.