పాత డిస్కు మీద గంధం బొట్టు

మొదట గోడ గడియారం చప్పుడనుకున్నాను. ఆ గదిలో గడియారం లేదన్న సంగతి వెంటనే గుర్తొచ్చింది. చప్పుడు నా చేతి పక్కనున్న చిన్న డబ్బాలోంచి వస్తోంది. పాత లాప్‌టాప్‌లోంచి తీసిన హార్డ్ డిస్కును ఆ డబ్బాలో పెట్టి, వైరుతో మళ్లీ అదే లాప్‌టాప్‌కి తగిలించాను. టిక్, టిక్, కాసేపు ఏమీ లేదు, మళ్లీ టిక్. స్క్రీన్ మీద ఆ డిస్కు కనబడాల్సిన చోట ఖాళీగా ఉంది. పక్కన వంటింట్లో పిల్లలిద్దరూ మధ్యాహ్నం మిగిలిన పులిహోర తింటూ దేనికో నవ్వుకుంటున్నారు.

ఆ డిస్కులో మా అమ్మాయి రెండేళ్లప్పటి గొంతు ఉంది. ఇంకెక్కడా లేదు.

అప్పట్లో మేం నేపర్‌విల్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మావారు రోజూ రైల్లో షికాగోలోని ఆఫీసుకు వెళ్లి వచ్చేవారు. నేను ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ చదివాను కానీ, నా వీసా మీద ఉద్యోగం చేసే వీలు లేదు. అమ్మాయి సెకండ్ గ్రేడ్, అబ్బాయి ప్రీస్కూల్. అమ్మాయి బడిలో చేరేదాకా తెలుగు తప్ప మరోటి మాట్లాడలేదు. చేరిన ఏడాదికల్లా ఇంగ్లీషులోకి వెళ్లిపోయింది. మొదట్లో నలుగురిలో అది మాకు గర్వంగానే ఉండేది. తర్వాత నేను తెలుగులో అడగడం, అది ఇంగ్లీషులో జవాబివ్వడం ఇంటి పద్ధతైపోయింది. తమ్ముడికి అక్క మాటలే వచ్చాయి.

ఆదివారాలు గుడి హాల్లో తెలుగు క్లాసు ఉండేది. ఒక వారం అక్కడ మా అమ్మాయి నిలబడి కథ చదువుతుంటే, వెనక బెంచీ పిల్లవాడెవడో "నువ్వు కార్లో జీపీఎస్‌లా మాట్లాడుతున్నావ్" అన్నాడట. అందరూ నవ్వారట. కారెక్కాక, ఇక రానని చెప్పింది. నువ్వు చిన్నప్పుడు వాళ్లందరికంటే చక్కగా మాట్లాడేదానివి అన్నాను. నమ్మలేదు.

"ప్రూవ్ ఇట్," అంది సీటు బెల్టు లాక్కుంటూ.

ప్రూవ్ చేయడానికి దాని రెండేళ్లప్పటి వీడియో ఉందిగా అనుకున్నాను. ఇంటికెళ్లి లాప్‌టాప్ తెరిచాం. కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడ్డ చిన్న పిల్ల కనిపించింది, చెదిరిన జుట్టు, పసుపు రంగు స్వెట్టరు. అక్కడే బొమ్మ ఆగిపోయింది. మళ్లీ పెట్టినా అక్కడే ఆగింది. మా అబ్బాయి కాసేపు చూసి, అక్క బొమ్మ పాడైపోయిందని తేల్చేసి వెళ్లిపోయాడు. మిషన్ పాతదైపోయింది, బాగుచేసి దసరా పండగనాడు చూపిస్తానని అమ్మాయికి మాటిచ్చాను. చూశాక క్లాసుకు వెళ్లాలో వద్దో అదే చెప్పాలి, అదీ మా ఒప్పందం.

మావారు కొత్తది కొనేద్దామన్నారు. మెమరీ పెంచి, హార్డ్ డిస్కు తీసేసి దాని బదులు ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్కు వేస్తే కొత్తదానిలాగే పరుగెడుతుందని నేను పట్టుబట్టాను. ఖర్చు తక్కువన్నది నిజమే, కానీ అసలు కారణం అది కాదు. ఆ ఇంట్లో నా చదువుతో అయ్యే పని ఒక్కటైనా కనబడాలనిపించింది. "అమ్మో, ఇంజనీరుగారు ఎన్నాళ్లకు స్క్రూడ్రైవర్ పట్టారు," అని ఆయన ఆటపట్టించారు. నాకు సంతోషమే వేసింది.

విడిభాగాలు పండగ వారంలో వచ్చాయి. ముందు పాత డిస్కులోవన్నీ కాపీ చేసుకుని తర్వాత తీయాలి. ఆ మాత్రం నాకు తెలుసు. కానీ ఆ మిషన్ నడకకు కాపీ అయ్యేసరికి పండగ దాటిపోయేట్టుంది. దసరాకి పనిముట్లకు పూజ చేయడం మా ఇంటి అలవాటు. కొత్త భాగాలు, పాత డిస్కు అన్నీ ఒకేసారి అమ్మవారి ముందు పెట్టి, విజయదశమినాడే మొదలుపెట్టాలని నా పట్టుదల. తీశాక వైరుతో తగిలించి కాపీ చేసుకోవచ్చు కదా అనుకున్నాను. చేసుకోవచ్చు, అది బతికుంటే.

శనివారం పొద్దున కారు తాళాలు, కూరలు తరిగే చాకు, పిల్లల బ్యాగులు, వాటి పక్కన పళ్లెంలో ఈ సామాను పెట్టాం. గంధం గిన్నె అమ్మాయికిచ్చి, అన్నిటికీ బొట్లు పెట్టమన్నాను. అది అన్నిటికీ శ్రద్ధగా పెట్టుకుంటూ వచ్చి డిస్కు దగ్గర వంగి ఆగిపోయింది.

"మామ్, ఇట్ సేస్ డు నాట్ కవర్ దిస్ హోల్."

చూశాను. లేబుల్ పక్కన గుండుసూది మొనంత రంధ్రం, దాన్ని మూయొద్దని చిన్న అక్షరాలు. డిస్కు ఊపిరి తీసుకునే దారి అది. కాలేజీలో చదువుకున్న సంగతే. హారతి ఆరిపోతోందన్న తొందరలో ఉన్నాను.

"గంధం బొట్టేగా, ఏం కాదు. పెట్టేయ్ నాన్నా," అన్నాను.

పెట్టింది. గంధం పల్చగా కలిపాను, కాస్త పక్కకు జారింది. దాని మధ్యలో కుంకుమ కూడా అద్దింది.

భోజనాలయ్యాక పని మొదలుపెట్టాను. కొత్తవి సరిగ్గా కూర్చున్నాయి. టీ పొంగేలోపే లాప్‌టాప్ లేచి కూర్చుంది. ఆయన చప్పట్లు కొట్టారు. నేనంత సంతోషంగా ఉండి చాలా కాలమైంది. అప్పుడు పాత డిస్కు మీది బొట్టును తడిగుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి తగిలించాను.

మా వీధిలోనే ఉండే అన్నయ్యగారొకరు ఆ సాయంత్రం పండగ పలకరింపుకని వచ్చారు. మావారి స్నేహితుడు, కంపెనీ సర్వర్లు చూసే ఉద్యోగం. డిస్కు చేతికిస్తే దాని అంచున మిగిలిన గంధం మరక చూసి, "ఏం చెల్లెమ్మా, దీన్ని పెళ్లికూతుర్ని చేశారా?" అన్నారు. తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాక ఆ నవ్వు పోయింది. వెంటనే వైరు పీకేశారు. తిరిగిన ప్రతిసారీ లోపల ఇంకా గీసుకుపోతుందని చెప్పి, కాపీ ఉందా అని అడిగారు. మావారు నా వైపు చూశారు. మా కెమెరా కార్డు చిన్నది, నిండినప్పుడల్లా లాప్‌టాప్‌లోకి ఎక్కించి చెరిపేసేవాళ్లం.

వీడియో మధ్యలో ఆగిపోయినప్పుడే డిస్కు పోతూ ఉండి ఉంటుంది, తడి వల్లో వయసు వల్లో ఎవరూ చెప్పలేరన్నారు అన్నయ్యగారు. నన్ను ఓదార్చడానికే అన్నారేమో. తర్వాత ఇలాంటి డిస్కులు తెరిచి లోపలివి తీసిచ్చేవాళ్లకు పంపించాం. ఏమీ రాలేదని తిప్పి పంపారు. ఇప్పటికీ అది నా బీరువా సొరుగులో ఉంది. పిల్లలు పడుకున్నాక దాన్ని పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను. లాప్‌టాప్ అదే, ఇంకా బాగానే పనిచేస్తోంది. కొత్తది కొనుక్కుని ఉంటే, పాతది ఏ క్లాజెట్‌లోనో ముట్టుకునేవాళ్లు లేక ఉండేదేమో, అందులో ఆ గొంతు కూడా ఉండేదేమో అనిపిస్తుంది.

ఆ రాత్రి అమ్మాయి వీడియో సంగతి అడిగితే, పొద్దున చెబుతానని పడుకోబెట్టాను. నన్ను భయపెట్టింది వీడియో పోవడం ఒక్కటే కాదు. అమ్మాయి చదివిన ఆ చిన్న అక్షరాలు దానికి గుర్తుంటాయి. బొట్టు పెట్టిన వేలు దానిదే. అన్నయ్యగారు రిపేరు చేస్తున్నారని అబద్ధం చెబితే కొన్నాళ్లు గడుస్తుంది కదా అని కూడా ఆలోచించాను.

పొద్దున ఇద్దరూ పాలల్లో సీరియల్ వేసుకుని తింటుంటే ఎదురుగా కూర్చున్నాను. డిస్కు పాడైంది, ఆ వీడియో ఇక రాకపోవచ్చు అని చెప్పాను. అమ్మాయి స్పూను కింద పెట్టింది.

"ఈజ్ ఇట్ బికాజ్ ఆఫ్ ది బొట్టు? ఐ పుట్ ఇట్."

"కాదమ్మా. నువ్వు చదివి చెప్పావు. నేను వినలేదు. ముందే కాపీ చేసుకోవాల్సింది కూడా నేనే."

అది గిన్నె పక్కకు జరిపింది. తమ్ముడు మా ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. చివరికి, అందులో తనేమందని అడిగింది. ఇంగ్లీషులోనే అడిగింది. నేను తెలుగులో, మెల్లగా, ఇద్దరికీ అర్థమయ్యేట్టు చెప్పాను.

"నీకప్పుడు రెండేళ్లు. బయట మంచు పడుతోంది. నువ్వు కిటికీకి ముక్కు ఆనించి నిలబడి, 'అమ్మా, పైనుంచి ఎవలో ఇడ్లీ లవ్వ పోత్తున్నాలు' అన్నావు. నేను నవ్వితే నీకు కోపమొచ్చింది. 'గిన్నె తే, గిన్నె తే' అని కాళ్లు నేలకేసి కొట్టావు. నేను గిన్నె తేలేదమ్మా. కెమెరా పట్టుకుని నిలబడ్డాను."