పదిహేడో నిబంధన

చాచా పోయారు. శుక్రవారం నమాజుకు బయల్దేరుతూ గుమ్మం దగ్గరే కూలబడ్డారని, ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయిందని కడప నుంచి ఆయన పెద్దకొడుకు ఫోన్ చేసి చెప్పాడు. మస్కట్‌లో ఇంకెవరికైనా చెప్పాలా అని అడిగాను. "మీరొక్కరే అన్నా. వేరే ఎవరి పేరూ నాయన ఎత్తేవాడు కాదు" అన్నాడు.

ఎత్తకపోవడానికి కారణం నేను. ఈ సంగతి ఆయన బతికుండగా రాయాల్సింది.

చాచా నాకు చుట్టం కాదు. ఎనభైల చివర్లో నేను మస్కట్‌లో ఒక ఇంగ్లిష్ పత్రికలో చేరినప్పుడు అక్కడి రూవి పేటలో నా పక్క రూమ్‌లో ఉండేవారు. అల్ ఖువైర్‌లో ఒక కన్సల్టెన్సీలో టైపిస్టు. చిన్న చిన్న ద్వీప దేశాల ప్రభుత్వాలకు టెలిఫోన్ చట్టాలు రాసిపెట్టడం ఆ కంపెనీ పని. లైన్లు ఎవరు వేయాలి, లైసెన్సులు ఎవరివ్వాలి, విదేశీ కాల్‌కు ధర ఎవరు నిర్ణయించాలి, ఇవన్నీ ఇంజినీర్లు రాస్తే చాచా టైపు కొట్టేవారు. పదో తరగతి చదువు. అర్థం కాని లైను కొట్టేవారు కాదు. కాగితం తీసుకుని ఇంజినీరు బల్ల దగ్గరికి వెళ్లి నిలబడేవారు. పాత టూత్‌బ్రష్ ఒకటి ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది, టైపు అచ్చులు తోమడానికి.

ఫోన్ల నియంత్రణ అంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే. సాయంత్రం డ్యూటీ దిగాక లుంగీ కట్టుకుని, మెట్ల మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ చెప్పేవారు. నేను నోట్‌బుక్ తీస్తే, ముందు ఉల్లిపాయలు అందుకోమనేవారు.

ఆ రూమ్‌లో పదకొండేళ్లుగా ఆయనతో ఉన్నది అదే కంపెనీ డ్రైవర్, నిజామాబాద్ వైపు మనిషి. ఇద్దరికీ ఒకే గిన్నె. "కూరల ఉప్పు గూడ నంబరేసి ఎయ్యి భాయ్, యాదుంటది" అని డ్రైవర్ అంటే, "నీ బండి తోలేదానికి ముందొక చట్టం రాయాలప్పా" అని చాచా అనేవారు.

తొంభైల మొదట్లో ఒక రోజు చాచా ఒక కాగితం మడిచి టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చారు. ఒక ద్వీప దేశానికి రాస్తున్న చట్టం ముసాయిదాలో ఒక పేజీ. అక్కడ ఫోన్లు నడుపుతున్న కంపెనీకే మిగతావాళ్లకు లైసెన్సులిచ్చే అధికారం కూడా కట్టబెడుతోంది పదిహేడో నిబంధన. "అమ్మేటోడికే తూకం రాళ్లు తనిఖీ చేసే పని ఇస్తాండారు బేటా" అన్నారు. కంపెనీ పని మీద ఆయన ఒకసారి మూడు నెలలు ఆ దీవుల్లో ఉండి వచ్చారు. అక్కడ ఆయనకు స్నేహితుడైన బడిపంతులు ఫోన్ కోసం అర్జీ పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాడట. ఆ కాగితం బయటికి తెస్తే ఉద్యోగం పోతుందని చాచాకు తెలుసు. అయినా తెచ్చారు. ఒక్క షరతు పెట్టారు.

"సంగతి అడుగు. నిబంధన నంబరు మాత్రం ఎత్తొద్దు."

మర్నాడు వాళ్ల మేనేజర్‌కు ఫోన్ చేశాను. అలాంటి నిబంధనే లేదన్నాడు. "పదిహేడోది చూడండి" అన్నాను. "పదిహేడా?" అని ఒక్కసారి అడిగి పెట్టేశాడు. దొరికాడనుకున్నాను.

ఆ ఉదయమే పైన ఇంకో నిబంధన చేరి, అది పద్దెనిమిదోది అయిందట. పదిహేడుగా ఉన్న కాపీ మేనేజర్ బల్లమీద, చాచా టైపు మిషన్ దగ్గర తప్ప ఎక్కడా లేదు. ఇది నాకు రెండు రోజుల తర్వాత అక్కడి ఇంజినీరు ఒకాయన చెప్పాడు. అప్పటికే చాచా వీసా రద్దయింది. నా వార్త లోపలి పేజీలో ఆరు లైన్లు వచ్చింది. చట్టం మారలేదు.

ఎయిర్‌పోర్టుకు వెళ్లే రోజు డ్రైవర్ కిందికి పెట్టె మోసుకొచ్చాడు. చాచా అతని వైపు చూడలేదు. ట్యాక్సీలో నాతో అన్నారు: "నేను కాగితం డబ్బాలో పెట్టేది వాడొక్కడే చూసినాడు. వాడే చెప్పినాడు బేటా. వాడి ఉద్యోగం నిలబడింది చూడు."

సీబ్‌లో ఎయిర్‌పోర్టు చేరడానికి అరగంట పట్టింది. కాదని చెప్పడానికి అది చాలు. నేను మాట్లాడలేదు.

కడపలో ఆయన కలెక్టరేట్ ఎదుట అర్జీలు టైపు చేస్తూ బతికారు. చట్టాల మీద సందేహం వస్తే ఉత్తరం రాసేవాణ్ణి. ప్రతిదానికీ జవాబు వచ్చేది, పేరా పేరాకూ నంబరు వేసి. ఆ తర్వాత నాకు మంచి పేరు తెచ్చిన వార్తల్లో సగం ఆ ఉత్తరాల పుణ్యమే. ప్రతిసారీ ఈసారి నిజం రాస్తాననుకునేవాణ్ణి, ప్రశ్న మాత్రమే రాసి పంపేవాణ్ణి.

ఫోన్ వచ్చిన సాయంత్రమే మస్కట్ శివార్లలోని మబేలా వెళ్లాను. డ్రైవర్ ఇప్పుడు అక్కడ వేరే కంపెనీలో ఉన్నాడు. చాచా పోయారని చెప్పాను. "ఒక్కసారన్న నా మాట ఎత్తిండా సార్?" అని అడిగాడు. లేదన్నాను. ఎందుకో కూడా చెప్పాను. నంబరు సంగతి, ట్యాక్సీ సంగతి, అన్నీ.

అతను కోప్పడలేదు. "ఇన్నేండ్లు నేనేం తప్పు జేసిన్నో ఎతుక్కుంట ఉన్న సార్" అన్నాడు. తర్వాత లేచి, "భాభీ నంబరియ్యి" అన్నాడు. కడపలో చాచా ఇంటి ఫోన్ నంబరు రాసిచ్చాను.

వీధి చివర కార్డు ఫోన్ బూత్ ఉంది. నేను బయట నిలబడ్డాను. అద్దంలోంచి అతని వీపు కనిపిస్తోంది. కాసేపు విన్నాడు. తర్వాత ఏదో చెప్పడం మొదలుపెట్టాడు, ఖాళీ చేతిని అద్దానికి ఆనించి, నెమ్మదిగా, చాలాసేపు. నా పేరు చెప్పాడో లేదో వినపడలేదు.