చీనకాడ మీద లచ్చవ్వ ఏడుపు

కాశిబుగ్గ వెనక కూరగాయల మళ్ళున్న మా వాడలో ఒక పద్ధతి ఉండేది. కార్తీకంలో ఎవరు ఏ విత్తనం వేసినా మొదటి గింజ లచ్చవ్వ పెట్టాలి. ఆమె చెయ్యి మంచిదని పేరు. ఆమె గింజ పెట్టి, పుడిసెడు నీళ్ళు చల్లి, లేచి నిలబడ్డాకే మిగతావాళ్ళు మట్టి ముట్టుకునేవాళ్ళు. లచ్చవ్వకు చెప్పుకోవడానికి మరో గొప్ప లేదు. ఉన్నదల్లా ఆ పిలుపే. ఎంత ఓర్వలేనిదంటే, పక్క మడిలో వంకాయ నిగనిగలాడినా ఆమెకు ఆ పూట అన్నం సయించేది కాదు. అయినా వాడంతా భరించింది. చెయ్యి మంచిదైనప్పుడు నోరు ఎలా ఉంటే ఏం?

రెండో ప్రపంచ లడాయి అయిపోయిన ఏడు, కార్తీకంలోనే, ఆమె మరిది నర్సింగం ఇల్లు చేరాడు. రాంచీ అవతల లష్కరు క్యాంపులో చీనా సిపాయిల వంటశాలలో గిన్నెలు కడిగినవాడు. వస్తూ వస్తూ రుమాలు కొసన కాసిన్ని గింజలు ముడేసుకొచ్చి పెళ్ళాం మొగిలమ్మ చేతిలో పెట్టాడు. మొగిలమ్మ ఆ సాయంత్రమే తన మడిలో చల్లేసింది. తోటికోడలు లచ్చవ్వను పిలవలేదు.

మర్నాడు సంగతి తెలిసి లచ్చవ్వ నేరుగా పోయి గట్టు మీద నిలబడింది.

"ఏందే మొగిలీ, నా చేతికేమన్న రోగమొచ్చిందా? నన్ను పిల్వకుండనే వెట్టినవట?"

"మన గింజ గాదు గదక్కా, చీనోళ్ళది. మొలుస్తదో మొల్వదో, నిన్నెందుకు సతాయించుడని..."

"అట్లనా? మంచిది. ఎట్ల మొలుస్తదో నేను గూడ జూస్త."

మొలిచింది. అదే లచ్చవ్వ కడుపు మంట. బారుగా, కోసుగా ఆకులు. తుంచితే పాలు కారాయి, నోట్లో పెడితే చేదు. "గాడిదలు గూడ ముట్టయి" అని బావి దగ్గర అందరికీ చెప్పి, ఆ వారమంతా కంటినిండా నిద్రపోయింది. అయితే మొగిలమ్మ ఒత్తుగా ఉన్న నారు పీకి గట్టవతల పారేస్తే, ఎవరూ లేనప్పుడు నాలుగైదు మొక్కలు కొంగులో దాచి తెచ్చి తన చిక్కుడు పందిరి చాటున నాటుకుంది. అంత చేదైతే ఎందుకమ్మా అని అడగకండి. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

బాగా పెంచింది. బాగా అంటే తనకు తెలిసినట్టు. తోటకూరకు చేసినట్టే, జానెడు కాగానే తల తుంచింది. తుంచితే పక్కలకు పిలకలు వేసి గుబురవుతుందని కదా! మొగిలమ్మకు అంత ఓపిక లేక మొక్కల్ని వాటి మానాన వదిలేసింది. మాఘం వచ్చేసరికి మొగిలమ్మ మడిలో కాడలు మోచేతి లావున నిలబడ్డాయి. లచ్చవ్వ పందిరి చాటున చీపురు పుల్లల్లాంటి పిలకలు.

నర్సింగం ఒక కాడ కోసి, తోలు చెక్కి, లోపలి పచ్చని ముక్కకు ఉప్పూ కారం అద్ది తల్లి శ్యామలమ్మ నోట్లో పెట్టాడు.

"దోసకాయ లెక్క కరకరమంటాందిరా! లచ్చవ్వా, నువ్వు గూడ ఒక ముక్క తిను" అంది ముసలమ్మ.

"నాకు పల్లు నొస్తానయి" అని లచ్చవ్వ ఇంటికి పోయి తలుపేసుకుంది. దొంగకు తేలు కుట్టినట్టయింది. తినేది ఆకు కాదు కాడ అని, తల తుంచడమే తన తప్పని ఇప్పుడు తెలిసింది, కానీ ఎవరితో చెప్పుకుంటుంది?

వాడంతా దానికి చీనకాడ అని పేరు పెట్టింది. పక్క వీధిలో బట్ట నేసే మగ్గాల వాళ్ళు కూడా పని ఆపి వచ్చి చీనకాడ అడిగారు. అడిగినవాళ్ళకల్లా మొగిలమ్మ కోసిచ్చింది. "చెయ్యంటే మొగిలమ్మదే" అని ఎవరో అన్న మాట చెవిన పడి లచ్చవ్వ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది.

"విత్తనానికి రెండన్న ఇడువే" అని నర్సింగం మొత్తుకున్నాడు.

"బచ్చలి తీగ గుచ్చితె వస్తలేదా? గిది గూడ గంతే" అని మొగిలమ్మ చివరి కాడ కూడా కోసి, ముక్కలు మట్టిలో గుచ్చింది. వారం తిరక్కుండానే అవి కుళ్ళిపోయాయి.

ఎండలు ముదిరాక లచ్చవ్వ పిలకలు పైకి సాగి పసుపు పూలు పూశాయి, గింజ కట్టాయి. పీకి పారేద్దామనుకుంది. కానీ పండిన గింజను నేలపాలు చేయడం ఆమె వల్ల కాలేదు. బూడిద కలిపి, ఆనపకాయ బుర్రలో పోసి చూరుకు వేలాడదీసింది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. గింజలున్నాయని చెబితే, నారు ఎత్తుకొచ్చి తల తుంచి చెడగొట్టిందని బయటపడుతుంది, మంచి చెయ్యి అన్న పేరు పోతుంది. చెప్పకపోతే చీనకాడా ఉండదు, మొగిలమ్మ గొప్పా ఉండదు. నోరు మూసుకోవడానికే నిశ్చయించుకుంది.

అప్పుడు మొగిలమ్మే వాకిట్లోకి వచ్చింది, కళ్ళు ఎర్రగా.

"అక్కా, పోయినేడు నిన్ను పిల్వకుండ వెట్టిన. గందుకే నాకు విత్తనం దక్కలే. ఆయన నాతోని మాట్లాడుతనే లేడు. ఈయేడు ధనియాలన్న నీ చేతితోని వెట్టుదువు రా."

లచ్చవ్వ గెలిచింది. పోయి ధనియాలు పెట్టి రావచ్చు. కానీ లేని తప్పు నెత్తినేసుకుని ఎదురుగా ఏడుస్తున్న మనిషిని చూస్తే ఆ గెలుపు గొంతు దిగలేదు. లోపలికి పోయి బుర్ర దించి తెచ్చింది.

"ఇగో, నీ గింజలే. నువ్వు పారేసిన నారు ఎత్కొచ్చి నాటిన. తోటకూర అనుకొని తల తుంచిన. ఎవ్వలకన్న చెప్పినవంటె జూడు!"

మొగిలమ్మ బుర్ర ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. "నువ్వా అక్కా? నువ్వు తల తుంచినవా?" అని కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "నువ్వు తోటకూరనుకుంటివి, నేను బచ్చలనుకుంటి!"

ఆ పొద్దున మొగిలమ్మ మడిలో మొదటి గింజ లచ్చవ్వే పెట్టింది. సగం గింజలు తన మడిలోనూ వేసుకుంది. ఈసారి తల జోలికి పోలేదు. మాఘంలో రెండు మళ్ళలోనూ కాడలు లేచాయి, మొగిలమ్మవి రవ్వంత లావు.

రెండు చోట్లా పెట్టిన చెయ్యి ఒక్కటే కదా, వాడంతా లచ్చవ్వనే మెచ్చుకుంది. లచ్చవ్వ మాత్రం గట్టు మీద నిలబడి తోటికోడలి కాడలూ తన కాడలూ మార్చి మార్చి చూసి, ఆ పూట అన్నం తినలేదు.