గిటారులో ఎద్దు ఎముక

పామిడి పక్క పల్లెలో యేసన్న చెప్పులు కుట్టేవాడు. ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. ఊరు విడిచిపోతూ ఒక మిషను దొరసాని యేసన్న నాయనకు ఇచ్చిపోయిన గిటారు అది. దాని మీద యేసన్నకు ఎంత ప్రేమంటే, పెళ్ళాం నల్లమ్మ "నన్ను గాదు, దాన్ని చేసుకోవాల్సింది నువ్వు" అని దెప్పేది.

అరవై అయిదులో వచ్చిన కరువు ఆ ఎగతాళిని కూడా మింగేసింది. ఉన్న రెండెద్దుల్లో ఎర్రోడు చచ్చిపోయాడు. తెల్లోడు డొక్కలు తేలి మిగిలాడు. వాన పడితే ఇంకొకరి ఎద్దుతో జత కట్టి చేను దున్నుకోవచ్చు. వాడూ పోతే చేను ఉండీ లేనట్టే. గుంతకల్లులో రైలు డ్రైవరు గంగాధరప్పకు పాటల సరదా, బావి కింద పొలం రెండూ ఉన్నాయి. గిటారు బాగా మోగితే దానికి బదులు ఎద్దు మేతకు బండెడు జొన్నసొప్ప తోలిస్తానన్నాడు.

మోగితే గదా! తీగలు ఆనే తెల్లటి ఎముక ముక్క పగిలిపోయింది. తంబుర వాళ్ళు దాన్ని గుర్రం అంటారు. తీగ అదురును పెట్టెలోకి దింపేది అదే. యేసన్న ముందు చింతచెక్క చెక్కి పెట్టాడు. మూతికి గుడ్డ కట్టుకుని మాట్లాడినట్టు వచ్చింది స్వరం. ఎర్రోడి ఎముకలన్నీ ఎముకల వ్యాపారి ఎత్తుకుపోగా ఒక్క కాలి ముక్క మిగిలింది. దాన్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, బండ మీద అరగదీశాడు. కళ్ళు కారుతూనే ఉన్నాయి, చెయ్యి ఆగలేదు.

తొందరలో వెంట్రుకవాసి ఎక్కువ అరిగింది. తీగలు కిందికి దిగి, గిటారు మెడ మీది మెట్లకు తగిలి గరగరమన్నాయి. ఇంకో ఎముక లేదు. చెప్పు ఎత్తు తగ్గితే చెప్పులు కుట్టేవాడు ఏం చేస్తాడు? అడుగున తోలుముక్క వేస్తాడు. యేసన్నా అదే చేశాడు. గరగర పోయిందన్న సంబరంలో స్వరం ఏమైందో వినిపించుకోలేదు.

గిటారు గుంతకల్లుకు తీసుకుపోతే గంగాధరప్ప రెండు తీగలు మీటి మొహం చిట్లించాడు. గుర్రం ఊడదీసి చూశాడు.

"ఏమప్పా యేసన్నా, ఎముక పెట్టి దాని కింద తోలెందుకేసినావు? తీగ పలికేదంతా తోలే తాగేస్తాండాది."

"తోలు తీసేస్తానన్నా!"

"తీస్తే గరగరమంటాది. ఎముక మార్చుకోని రా, సొప్ప ఇస్తా. మాటంటే మాటే."

"అందాకా నా ఎద్దు నిలబడదన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా."

గంగాధరప్ప చెడ్డవాడేం కాదు. డ్యూటీ వేళయిందని వెళ్ళిపోయాడు.

దరిద్రుడు తల కడుక్కోబోతే వడగళ్ళ వాన పడిందంటారు. ఆ వడగళ్ళైనా పడని సీమ మాది. యేసన్న ఇల్లు చేరేసరికి నల్లమ్మ కొట్టం ముందు కూలబడి ఉంది.

"యాడికి పోయినావయ్యా ఇంతసేపు? నీ దోవ చూసి చూసి పోయినాడు తెల్లోడు" అంది.

యేసన్న ఎద్దు మెడ పట్టుకుని గొంతు పోయేదాకా ఏడ్చాడు. ఇక ఎముకకు కరువు లేదు.

ఈసారి తొందరా లేదు. నిదానంగా తెల్లోడి ఎముకతో గుర్రం చేశాడు, తోలు వెయ్యలేదు. ఆదివారం చర్చిలో గిటారు వెనక వరసదాకా ఖంగున మోగింది. "ఎంత బాగా పలుకుతాండాదో!" అన్నారు జనం. ఆ మాట గుంతకల్లుదాకా పోయింది. సొప్ప సిద్ధంగా ఉంది, గిటారు తెమ్మని గంగాధరప్ప మనిషిని పంపాడు.

"తినేటోడు లేడని చెప్పు" అన్నాడు యేసన్న.