పద్దెనిమిది అంగుళాల దూరంలో ఏనుగు

గ్రూప్స్‌కి చదవడానికి కర్నూలులో రెండేళ్ళున్నాను. ఫలితం గురించి మాట్లాడుకోవద్దు. కడపకు తిరిగొచ్చిన వారానికి పక్కింటి అత్త గోడ మీదుగా పిలిచింది.

"ఏమప్పా, మీ మామ దినమంతా కుట్టుమిషన్ని చూస్తా కూసోనుండాడు. ఆ బొమ్మల యుద్ధమన్నా పెట్టు."

మామ టైలరు. ఇంటి ముందుగదే అంగడి. మా మతాలు వేరైనా గోడ ఒకటే కాబట్టి ఆయన నాకు మామ.

బొమ్మల యుద్ధమంటే పిల్లలాట కాదని నేనెప్పుడూ చెబుతుంటాను, ఎవరూ నమ్మరు. బల్ల మీద ఒకవైపు విజయనగరం, ఒకవైపు బీజాపూర్. బొటనవేలంత సైనికులు, ఏనుగులు, ఫిరంగులు. కోట గోడలు మాత్రం అసలైన కడప బండ ముక్కలు. ఎవరెంత నడవాలో టేపు చెబుతుంది, ఎవరు చావాలో పాచిక చెబుతుంది. కాలేజీ రోజుల్లో ఆడేవాళ్ళు దొరక్క, టేపున్న మనిషి కదా అని మామను పట్టుకున్నాను. ఆయన విజయనగరం తీసుకున్నాడు. ఎందుకంటే, "దాంట్లో ఏనుగులు శానా ఉండాయి కదప్పా" అన్నాడు.

ఆయన్ని పట్టుకోవడం నా పొరపాటు. ఫిరంగి పేల్చేవాడు ముందు దూరం నోటితో చెప్పాలి, తర్వాతే కొలవాలి. గుండు చెప్పినంత దూరంలోనే పడుతుంది. నా గుండ్లు ఎక్కువగా నా సైన్యం మీదే పడేవి. మామ ఒక్కసారి చూసి చెబితే కాలంగుళం తేడా ఉండేది కాదు. మనిషి గడప దాటుతుండగానే ఛాతీ ఎంతో చెప్పే కన్ను అది. టేపు తీయడం ఉత్త మర్యాదకి.

ఆ కంటికే పోయినేడు శుక్లం ఆపరేషనయింది. తర్వాత కుట్టిన పెళ్ళి షేర్వాణీకి గుండీలు పట్టలేదు. ఆపైన రెండు చొక్కాలు బిగుతయ్యాయి. కన్ను పోయిందని మామ కత్తెరను కొక్కేనికి తగిలించేశాడు. సోమవారం మైదుకూరు నుంచి ఒకాయన వచ్చి మిషన్లు, కటింగ్ బల్ల కొనుక్కుపోతాడట.

ఆదివారం పొద్దున ఆ బల్ల మీదే యుద్ధం పరిచాను. పెట్టె తెరిచేసరికి నా సేనాపతికి తల లేదు.

"ఉండనీలే. నీ సేనాపతికి దాంతో పనేముండాది" అన్నాడు మామ. మనిషి ఇంకా బాగానే ఉన్నాడనిపించింది. కానీ ఫిరంగి దగ్గరికొచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది వద్దప్పా."

"కొలిచేది నా ఏనుగునే కదా మామా, పెండ్లికొడుకునేం కాదు."

చాలాసేపు చూసి, "పద్దెనిమిది" అన్నాడు. ఆయన మెడలోని పాత టేపు తీసుకుని కొలిచాను. పదిహేడున్నర. గుండు ఏనుగును దాటి పడింది. తర్వాతి వంతు, బల్ల ఆ చివరున్న నా సేనాపతి మీద. "ముప్ఫై ఆరు." టేపు ముప్ఫై అయిదంది. మళ్ళీ దాటింది. నేను గెలుస్తున్నాను, అదేమీ బాగాలేదు.

ఓదార్పుగా ఏదో మొదలుపెట్టాను. అదృష్టవశాత్తు ఆయన వినడం లేదు.

"పోయిన కన్నయితే అటూ ఇటూ తప్పాలప్పా. రెండు మార్లూ ఒక దిక్కే తప్పింది. దూరం పెరిగితే తప్పూ పెరిగింది. ఇది కన్ను జేసే పని గాదు."

గోడకున్న చెక్క స్కేలు తెచ్చి, టేపును దాని పక్కన పరిచాడు. స్కేలు మీద ముప్ఫై ఆరున్న చోట టేపు మీద ముప్ఫై అయిదుంది. ఏళ్ళ తరబడి లాగీ లాగీ టేపు సాగిపోయింది. ఆయన ఒంటిని కొలిచేది టేపుతో, గుడ్డ మీద గీసేది స్కేలుతో. ఆ తేడాను ఇన్నాళ్ళూ కన్ను సర్దుతూ వచ్చింది. ఆపరేషనయ్యాక కన్నుని నమ్మక టేపునే నమ్మాడు.

"ఆ పెండ్లికొడుకుది నలభై అనే అనిపించింది. ఈ టేపు ముప్ఫై తొమ్మిదంటే దీని మాట ఇన్యాను" అన్నాడు.

కొక్కెం మీది కత్తెర తీసి టేపును రెండు ముక్కలు చేశాడు. "నీ ఏనుగు, నీ సేనాపతి, రెండూ తియ్యి."

"రూలు ప్రకారం టేపు చెప్పిందే..."

"ఆ టేపు యాడుంది?"

తీశాను. పాత తేదీతో చనిపోయిన సేనాపతి నాకు తెలిసి ఈయనొక్కడే. ఓడిపోతున్నందుకు ఇంత సంతోషించిన వెధవనూ నేనొక్కణ్ణే అనుకుంటాను.

సోమవారం మైదుకూరు ఆయన ట్రాలీ ఆటోతో వచ్చాడు. బల్ల మీద యుద్ధం ఇంకా నడుస్తోంది. మామ తలెత్తి చూసి "నలభై రెండు" అన్నాడు. చెక్క స్కేలుతో సరిచూసిన కొత్త టేపుతో ఆ మైదుకూరాయన ఛాతీ కొలిచాను. నలభై రెండే.

ఆయన చొక్కాకి కొలతలిచ్చి, ఖాళీ ఆటోలో వెళ్ళిపోయాడు.