పండుం లేని ఆట

బూర్గంపాడులో ఫారాలు నింపిపెట్టే అనిల్‌కుమార్ ఆన్‌లైన్ దుకాణానికి ఎవరు ఏ పని మీద వెళ్లినా కంప్యూటర్ ముందు కూర్చుని టైపు చేసేది మాత్రం పాయం రామకృష్ణే. అనిల్‌కుమార్ బయట కుర్చీ వేసుకుని దారిన పోయేవాళ్లను పలకరిస్తుంటాడు. తాతల నాడే కోస్తా నుంచి వలసొచ్చిన కుటుంబం వాళ్లది. పొలం ఉంది, ఎరువుల కొట్టు ఉంది, వాటికి తోడు ఈ దుకాణం. రామకృష్ణది అక్కడికి పదకొండు కిలోమీటర్ల అవతల, అడవి అంచున ఉన్న కోయగూడెం. ముప్పై నాలుగేళ్లు. డిగ్రీ చదివాడు. లోకంలో ఉన్న ప్రతి ఉద్యోగానికీ ఇతరుల చేత దరఖాస్తులు పెట్టించాడు, తనూ పెట్టాడు. వాళ్లలో కొందరికి తగిలాయి, ఇతనికి ఒక్కటీ తగల్లేదు. అలాంటివాడు ఓ కంప్యూటర్ ఆట మీద కొండంత ఆశ పెట్టుకున్నాడంటే మీకు నవ్వు రావచ్చు. నాకూ మొదట వచ్చింది.

దుకాణానికి రాకముందు రామకృష్ణ రెండేళ్లు జామాయిల్ కర్ర లోడింగుకు వెళ్లాడు. నరికిన మొద్దుల్ని భుజాన వేసుకుని లారీకి ఎక్కించే పని. ఓ రోజు పైనుంచి జారిన మొద్దు ఎడమ భుజం మీద పడింది. అప్పటినుంచి ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవదు. దవాఖానాలో బరువులు మోయొద్దన్నారు. బరువులు మోయకుండా ఆ గూడెంలో బతకడం ఎలాగో మాత్రం చెప్పలేదు. దుకాణంలో పని దొరికినప్పుడు గండం గడిచిందనుకున్నాడు. కానీ ఈ ఏడు మాఘమాసంలో అనిల్‌కుమార్ నింపాదిగా చెప్పేశాడు. ఇప్పుడు అందరూ ఫోన్లోనే ఫారాలు నింపుకుంటున్నారనీ, వానాకాలం మొదలయ్యేలోపు దుకాణం ఎత్తేసి ఖమ్మం వెళ్లిపోతాననీ. చెడ్డవాడు కాదు, మంచిమాటగానే చెప్పాడు. రామకృష్ణ కూడా మంచిగానే తలూపాడు. ఆ పూట మాత్రం అన్నం సగంలోనే వదిలేశాడు.

ఆ వారంలోనే ఇంటర్నెట్లో 'సామంత' కనబడింది. హైదరాబాదులో పదిమంది కుర్రాళ్లు కలిసి తయారు చేస్తున్న ఆట. కాలం ఎనిమిది వందల ఏళ్ల కిందటిది. ఆడేవాడు ఓ చిన్న సామంతుడు. పైన రాజు, కింద ఊరు, చుట్టూ అడవి. ఇది చెయ్యి, అది గెలువు అని ఆట ఏమీ చెప్పదు. ఊరు కట్టుకుంటావో, కోట లేపుతావో, పక్కవాడి మీద దండెత్తుతావో నీ ఇష్టం. సగం కూడా పూర్తి కాలేదని ఆ కుర్రాళ్లే రాసుకున్నారు. కడుతున్న ఇంట్లోకి ముందే వచ్చి ఉండండి, ఎక్కడ కారుతుందో చెప్పండి అన్నారు. పల్లెలు బాగా తెలిసినవాళ్లు తెలుగులోనే అభిప్రాయాలు రాయవచ్చట. బాగా రాసిన ఇద్దరిని ఇంటి దగ్గర్నుంచే పనిచేసే టెస్టర్లుగా తీసుకుంటారట. నెల జీతం, కూర్చుని చేసే పని, భుజంతో అవసరం లేదు. రామకృష్ణ ఆ చివరి వాక్యాల్ని ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు.

దుకాణంలో మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను ఇంటికి తీసుకెళ్లమని అనిల్‌కుమారే ఇచ్చాడు. రామకృష్ణ తల్లి భీమక్క దాన్ని చూసి మొదట మొహం చిట్లించింది. తర్వాత తనే ముక్కాలిపీట లాక్కుని పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఆట ఇల్లు నిజంగానే అన్నిచోట్లా కారుతోంది. మనుషులు గోడల్లోంచి నడిచిపోతారు. ఎద్దులు చెరువు మీద తేలుతూ గడ్డి మేస్తాయి. ఓ ముసలాయన రెండు నెలలపాటు ఒకే కట్టె మోస్తూ ఇంటి చుట్టూ తిరిగాడు. ఇవన్నీ రామకృష్ణ పొల్లుపోకుండా రాసి పంపాడు. అందరూ రాసేవి అవే కాబట్టి అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఆటలో అతని ఊళ్లో నలభై ఒక్కమంది జనం. వాళ్లకు రామకృష్ణ తన గూడెం వాళ్ల పేర్లే పెట్టాడు. చనిపోయిన తండ్రి జంపయ్య పేరు కూడా ఓ నాగలి మనిషికి పెట్టుకున్నాడు. జొన్న చల్లారు, పండింది. తెర మీద కంకులు ఎర్రబడి వంగాయి. 'కోత' అని రాసి ఉన్న బటన్ నొక్కితే జనం కొడవళ్లు పట్టుకుని వెళతారు. ఐదేళ్ల పిల్లవాడైనా నొక్కుతాడు. రామకృష్ణ నొక్కలేదు.

ఎందుకంటే అతను కోయవాడు. కొత్త పంట ఏదైనా సరే, చిక్కుడు కాయ కానివ్వండి, మామిడికాయ కానివ్వండి, పండుం చేసి దేవతకు పెట్టేదాకా వాళ్లు కొయ్యరు, నోట పెట్టరు. పండుం అంటే వాళ్ల కొత్తపంట పండుగ. పెద్దలు రోజు చెప్పాలి, పూజారి ముందుగా దేవతకు పెట్టాలి, ఊరంతా ఒకచోట చేరాలి, అప్పుడే తినాలి. ఆటలో 'కోత' పక్కనే 'పండుగ' అని ఇంకో బటన్ ఉంది. బూడిద రంగులో, కింద 'త్వరలో' అన్న మాటతో. ముందు పండుగ వెలుగుతుంది, తర్వాతే కోయాలి కాబోలు అనుకున్నాడు. ఆ బటన్ ఇంకా తయారే కాలేదని బడి మెట్లెక్కిన రామకృష్ణకు తెలియదా అంటే, తెలుసు. కానీ చెయ్యి పోలేదు. పక్కన కూర్చున్న భీమక్క కూడా, పండుం కాకుండా కొడవలి పెడితే ఊరికి మంచిది కాదని గట్టిగా చెప్పింది.

తల్లీకొడుకులు పండుం కోసం ఎదురుచూశారు. ఆటలో నెల గడిచింది. కంకులు నల్లబడ్డాయి, పిట్టలు వాలాయి, గింజ రాలిపోయింది. చలికాలం వచ్చింది. గాదెలు ఖాళీ. మొదట పోయింది జంపయ్యే. తర్వాత ఒక్కొక్కరుగా పోతుంటే రామకృష్ణ కోత బటన్ మీద టకటకా నొక్కాడు. కొయ్యడానికి ఏముంది? అడవి అంచునే జనం పడిపోతున్నారు. చుట్టూ చెట్లున్నా ఒక్కడూ గడ్డ తవ్వుకోడు, కాయ కోసుకోడు. చలికాలం దాటేసరికి తొమ్మిదిమంది మిగిలారు. వాళ్ల ఇళ్లలో మాట్లాడేది కోయమాటే అయినా మనం తెలుగులోనే చెప్పుకుందాం. చివరికి భీమక్క అడిగింది ఒక్కటే.

"అడివి పక్కన పెట్టుకొని ఆకలికి సచ్చుడేందిరా? గీ ఆట చేసినోళ్లు అడివిని ఎన్నడన్న చూసిండ్రా?"

మర్నాడు దుకాణంలో గిరాకీ లేని వేళ రామకృష్ణ కూర్చుని రాశాడు. ఆటలో తప్పులు కాదు, తన ఊరు ఎందుకు పోయిందో చెప్పి పండుం గురించి రాశాడు. ఎవరు రోజు నిర్ణయిస్తారు, ముందురోజు ఎవరెవరు ఉపవాసం ఉంటారు, తెల్లారాక ఇళ్లకు తడికెలు ఓరగా వేసి ముసలీ ముతకా సహా దేవత దగ్గరికి ఎలా వెళతారు, ఆ పూట ఊళ్లో కోడి తప్ప ఇంకెవరూ ఎలా ఉండరు, అందరూ తిన్నాక ఎప్పుడు తిరిగొస్తారు, అన్నీ. నాలుగు పేజీలు. ఇది లేకపోతే మీ ఆటలో ఊరు లేదు, ఇళ్లు మాత్రమే ఉన్నాయి అని ముగించాడు. ఆట పేజీలో అది చదివిన తోటి ఆటగాళ్లు పడీపడీ నవ్వారు. పండుగ కోసం ఊరిని చంపుకున్న సామంతుడని ఓ పేరు కూడా పెట్టేశారు. రామకృష్ణ చెవులు ఎర్రబడ్డాయి గానీ రాసింది చెరిపెయ్యలేదు.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. అవతల నాగచైతన్య, కంపెనీలో ఆటకు కథా కమామిషూ చూసేవాడు. తనదీ ఖమ్మం వైపే, మధిర అన్నాడు. 'గారు' తగిలించి, మధ్యలో 'అన్నా' అని కలుపుకుని, ఇన్ని వందల అభిప్రాయాల్లో ఇలాంటిది ఒక్కటీ రాలేదని పొగిడాడు. పండుగ బటన్ ఈసారి తప్పకుండా వెలిగిస్తామన్నాడు. ఉద్యోగం మాట రామకృష్ణ అడగలేకపోతే, అదీ చూద్దామని అతనే అన్నాడు. ఆ సాయంత్రం రామకృష్ణ భద్రాచలం వంతెన దాటి వెళ్లి తల్లికి ఓ చీర కొనుక్కొచ్చాడు. నన్నడిగితే తొందరపడ్డాడు. కానీ ఆశపడినవాడికి ఆగమని చెప్పేదెవరు?

ఇక అక్కణ్నుంచి కళ్లు కాయలు కాచేలా చూశాడు. ఇప్పపువ్వు రాలే కాలం వచ్చి పోయింది. అనిల్‌కుమార్ ఓ ప్రింటర్ అమ్మేశాడు, తర్వాత కుర్చీలు. లోడింగు మేస్త్రీ రామ్‌సింగ్ దారిలో కనబడి, జూన్ నుంచి మనుషులు కావాలి, చెయ్యి ఎట్లుంది అని వాకబు చేశాడు. మంచిగనే ఉందని రామకృష్ణ అబద్ధమాడాడు.

వైశాఖంలో కొత్త వెర్షన్ వచ్చింది. శనివారం మధ్యాహ్నం, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని తెరిచాడు. పండుగ బటన్ పసుపు రంగులో వెలుగుతోంది. భీమక్క కొత్తచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. జొన్న పండింది, రామకృష్ణ బటన్ నొక్కాడు. డోళ్లు మోగాయి. ముసలీ ముతకా సహా అందరూ ఇళ్లకు తడికెలు ఓరగా వేసి ఊరి బయటి దేవత దగ్గరికి నడిచారు. అతను రాసింది రాసినట్టే ఉంది. పూజారి కంకి ఎత్తి చూపాడు. భీమక్క అక్కడే చేతులు జోడించింది.

అప్పుడు తెర మీద కొత్త పలక లేచింది. ఊరు ఖాళీగా ఉంది, భటుల్ని పంపి ఇళ్లు సోదా చేయించండి అని. దాచిన ధాన్యం దొరుకుతుంది, ఎదురుతిరిగేవాడు ఉండడు, పండుగరోజు సోదాకు నష్టం సున్నా. కింద రెండు బటన్లు, పంపు, వద్దు. రామకృష్ణ 'వద్దు' నొక్కాడు. అతని సామంతుడి బలం సగానికి పడిపోయింది. ఆటలో నెల తిరక్కుండానే పక్క సామంతుడు తన భటుల్ని పంపాడు. ఎప్పుడంటే సరిగ్గా తర్వాతి పంట పండుగరోజున.

తోటి ఆటగాళ్లకు ఇది తెగ నచ్చేసింది. మొన్న నవ్వినవాళ్లే, అసలు ఈ ఆటకు ప్రాణం ఇప్పుడొచ్చిందని రాశారు. ఊరు ఖాళీ అయ్యాక ఎంతసేపట్లో సోదా ముగించొచ్చో ఒకడు కొలిచి పెట్టాడు. రామకృష్ణ అవన్నీ చదివాడు. దేవతను చూపించడానికి తలుపు తీసినవాడు తనే. లోపలికి వచ్చినవాళ్లను ఇప్పుడు ఏమని తిట్టుకోవాలో అతనికి తెలియలేదు. సిగ్గనిపించింది, అంతకుమించి భయమనిపించింది. భీమక్కకు ఆ పలక మీది అక్షరాలు చదవడం రాదు. భటులు ఎందుకొచ్చారని అడిగితే పండుం చూడ్డానికి వచ్చారని చెప్పాడు.

సోమవారం నాగచైతన్య ఫోన్ చేశాడు. ఉద్యోగం వచ్చినట్టేనన్నాడు. ఒక్క పని మిగిలింది. కరువు కాలంలో ఊళ్లో జనం తిండి ఎక్కడ దాస్తారు, అడవిలో ఏం తింటారు, పైవాళ్ల కంటపడకుండా ఎలా బతుకుతారు, ఇలాంటివి పది రాసి శుక్రవారానికల్లా పంపాలి. రామకృష్ణ పండుంలోకి భటులు రాకుండా తీసెయ్యమని అడిగాడు.

"అన్నా, మా పండుంల ఆ రోజు ఎవరి జోలికి ఎవరు పోరు. అది ఒక్కటి తీసెయ్‌రి."

నాగచైతన్య మెత్తగానే చెప్పాడు.

"నాకూ బాధగానే ఉందన్నా. కానీ ఆడేది సామంతుడు కదా, ఊరోడు కాదు. జనానికి నచ్చింది కూడా అదే. శుక్రవారానికి మీ నుంచి రాకపోతే ఇంకొకాయన ఉన్నాడు, ఆదిలాబాద్ ఆయన."

ఆట ఎప్పటికి పూర్తవుతుందని అడిగితే తెలియదన్నాడు. డబ్బు పెట్టేవాళ్లు వెనక్కి తగ్గితే ఇక్కడితో ఆగిపోవచ్చని కూడా నిజాయితీగా చెప్పాడు. ఆ నిజాయితీ ఎవరికి కావాలి? మంగళ, బుధ, గురువారాలు రామకృష్ణ ఒక్క అక్షరం రాయలేదు. గురువారం అనిల్‌కుమార్ దుకాణం బోర్డు దింపించాడు. నిచ్చెనెక్కి తాడు విప్పడానికి రామకృష్ణ ఎడమచెయ్యి ఎత్తబోయాడు, అది చెవి దగ్గరే ఆగిపోయింది. కింద నిచ్చెన పట్టుకున్న మనిషి చూసి నువ్వు దిగు అన్నాడు. దిగాడు.

శుక్రవారం పొద్దున ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని తల్లి పక్కన కూర్చున్నాడు. వెనకటి కరువుల్లో ఏం తిన్నారమ్మా అని అడిగాడు. భీమక్క చేటలో చింతపండు గింజలు తీస్తూ చెప్పడం మొదలుపెట్టింది. మామిడి టెంకల పిండి జావ, తాటిలాంటి జీలుగు చెట్టు మొద్దు దొలిచి తీసిన పిండి, ముక్కలు కోసి వాగునీళ్లలో పెడితే చేదు దిగే దుంపలు. విత్తనాలు పొయ్యి మీద వేలాడే బుట్టలో ఉన్నాయని అందరూ అనుకుంటారట. అసలు విత్తనాలు కోళ్లగూటి కింద గుంటలో ఉంటాయట. ఆమెను ఇన్నేళ్లలో ఎవరూ ఇవి అడగలేదు. మొహం వెలిగిపోతోంది, చెప్పినకొద్దీ గుర్తొస్తున్నాయి. రామకృష్ణ తల ఎత్తకుండా టైపు చేస్తున్నాడు. వరుస సంఖ్య ఏడు దాకా వచ్చింది.

మధ్యలో ఆమెకు ఏదో అనుమానమొచ్చి ఆగింది.

"ఇవన్నీ ఎవరు అడుగుతున్నర్రా?"

"ఆట ఆడెటోళ్లమ్మా."

భీమక్క చేట పక్కన పెట్టి కొడుక్కి దగ్గరగా జరిగింది.

"ఆడుకునెటోళ్లకే కదా, చెప్తే ఏమైతది. రాస్కో. గుంట మీద పేడ అలికితె ఎవ్వడు కనిపెట్టలేడు."

రామకృష్ణ రాసుకున్నాడు.