బెల్లం తొవ్వ, దుమ్ము తొవ్వ

నా చిన్నప్పుడు మా అమ్మ సందు మలుపు తిరగకముందే ఆమె దగ్గు ఇంటికి చేరేది. నాయిన పోయాక ఆమె గద్వాలలో, పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లులో పనికి కుదిరింది. అవి నిజాం రోజులు. సాయంత్రానికి ఆమె జుట్టూ కనుబొమ్మలూ పత్తి నూగుతో తెల్లబడేవి. "ముసలమ్మ వచ్చింది" అని నేను నవ్వేదాన్ని. ఆమె కూడా నవ్వబోయి దగ్గేది.

మిల్లు ఆడవాళ్లకు ఒక నమ్మకం ఉండేది. పని దిగగానే బెల్లం ముక్క తింటే లోపలి దుమ్మంతా కడిగినట్టు పోతుందని. ఆ ముక్క మేస్త్రీయే పంచేవాడు. గొంతు గరగర కాసేపు తగ్గేది, పాపం, దాన్నే వాళ్లు గుణమనుకునేవారు.

అమ్మ తండ్రి, మా తాతయ్య, మగ్గం నేసేవాడు. ఆ దగ్గు వినలేక ఒకరోజు తన తెల్ల పంచె చింపి, తడిపి, ముక్కుకు కట్టుకుని పనిచేయమని ఇచ్చాడు. సాయంత్రం వాకిట్లో ఆ బట్ట పరిచి చూపించాడు. ముక్కు ఆనినచోట బూడిదరంగు మురికి అట్టకట్టి ఉంది.

"చూసినవా బిడ్డా? బట్ట లేకుంటే గిదంత నీ ఊపిరిలకే పోతుండె."

"బెల్లం తింటున్న గద నాయినా!" అంది అమ్మ.

"బెల్లం కడుపులకు పోతది తల్లీ. దుమ్ము తొవ్వ వేరే."

అమ్మ మర్నాటి నుంచి రోజూ బట్ట కట్టుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ మిల్లులోని వేడికి తడి నిలిచేది కాదు. తడుపుకోవడానికి లేస్తే మేస్త్రీ కసిరేవాడు. కిటికీలైనా తెరవండయ్యా అని తాతయ్య వెళ్లి బతిమాలితే, గాలికి పత్తి ఎగిరిపోతుందని గెంటేశారు! చివరకు "బట్ట కావాల్నంటే ఇంట్లనే కూసో" అన్నాడట మేస్త్రీ. ఇల్లు గడవాలి కదా, అమ్మ బట్ట తీసేసింది.

ఆ ఎండాకాలానికి ఆమె ఊపిరాడక, పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. దవాఖానకు మోసుకెళ్లినా లాభం లేకపోయింది. అలా కూర్చునే పోయింది. ఆ రోజు కూడా మిల్లు నడిచింది. ఆ చప్పుడు వింటూ తాతయ్య తల బాదుకుని ఏడ్చాడు.

ఇప్పటికీ పిండిమర దగ్గరైనా, రాళ్లు కొట్టేచోటైనా నేను ఆగి, ముక్కుకు తడిబట్ట కట్టుకోండమ్మా అని చెబుతాను. కొందరు నవ్వుతారు, కొందరు తల దించుకుంటారు. తల దించుకున్నవాళ్లలో నాకు మా అమ్మే కనిపిస్తుంది. తెలియక చచ్చిపోతారని లోకం అంటుంది. మా అమ్మకు తెలుసు. తెలిసే, నా నోట్లో ముద్ద కోసం, ఆ గాలి పీల్చింది.